రోలు తోక, తిరగలి తోక

నస్రీన్ సొరుగు లాగగానే ముందు నన్ను తాకింది వాసన. పాత చెక్క, కలరా ఉండలు, వాటి అడుగున ఎక్కడో ఎండిన మట్టి. కళ్ళజోడు సర్దుకుని చూసేలోపే నా ముక్కు జగ్గయ్యపేటలో సూర్యం బాబాయి వాళ్ళ ముందుగదికి వెళ్ళి కూర్చుంది. సొరుగులో దూది మీద ఎముకలు వరసగా పడుకుని ఉన్నాయి. ఎముకలని పేరే గాని ఎన్నో యుగాల కిందటే రాళ్ళయిపోయినవి. పొడుగు మెడ, అంతకన్నా పొడుగు తోక ఉండే డైనోసార్ల తోకపూసలు. పెద్దవి రాగి చెంబంత ఉంటే చిన్నవి గుప్పిట్లో పట్టేంత. వాటిని అన్నేళ్ళ తరవాత చూస్తున్నానన్న ఉద్వేగం కన్నా, అయ్యో ఇవి ఇంత చిన్నవా అన్న ఆశ్చర్యమే ముందు కలిగింది. జ్ఞాపకంలో మనుషులే కాదు, రాళ్ళు కూడా పెరుగుతాయి.

నస్రీన్ నందిగామ కాలేజీలో నా దగ్గర జువాలజీ చదువుకున్న పిల్ల. వాళ్ళ నాన్న చందర్లపాడు రోడ్డులో ఆటో నడిపేవాడు. క్లాసులో ప్రశ్నలడిగి నా ప్రాణం తోడేసేది. ఇప్పుడు పెద్ద చదువులు చదివి, ఒకప్పుడు మా బాబాయి పనిచేసిన మ్యూజియంలోనే శాస్త్రవేత్త అయింది. కిందటి నెల ఫోన్ చేసి, "మేడం, మీరు మాకు ఏటా చింతపండు కథ చెప్పేవారే, ఆ ఎముకలు నా చేతికొచ్చాయండీ. ఒక్కసారి రండి. ఫోన్లో చెప్పేది కాదు" అంది. వెళ్ళాను. ఆమె చెప్పిన సంగతి విని, తిరుగు బస్సులో ఆ మాట ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అని మథనపడుతూ వచ్చాను. అది తెలియాలంటే ముందు ఆ చింతపండు కథ చెప్పాలి.

సూర్యం బాబాయి మా నాన్నకు తమ్ముడు. మ్యూజియం గోదాములో ఉద్యోగం. అద్దాల బీరువాల్లో నలుగురూ చూసే వస్తువుల సంగతి పెద్దవాళ్ళు చూసుకునేవారు. ఎవరూ చూడని పెట్టెలు బాబాయివి. పెట్టె విప్పడం, మట్టి దులపడం, ఏ జంతువుదో పోల్చుకోవడం, చీటీ రాసి అంటించడం. ఆ చీటీల మీద తవ్వినవాళ్ళ పేరుండేది, పేరు పెట్టినవాళ్ళ పేరుండేది. చీటీ రాసినవాడి పేరు ఎక్కడా ఉండేది కాదు. బాబాయి పట్నంలో గదిలో ఉంటూ నెలకోసారి జగ్గయ్యపేట వచ్చేవాడు. ఆ ఊళ్ళో ఇల్లు సీతారావమ్మ పిన్నికి వాళ్ళ నాన్న ఇచ్చింది. వాళ్ళకు పిల్లల్లేరు. ఒకసారి గోదాములో నిచ్చెన మీంచి పడి బాబాయికి తొడ ఎముక విరిగింది. నడుం నుంచి కాలివేళ్ళ దాకా పిండికట్టు వేసి, మంచం మీంచి కదలద్దన్నారు. ఎముకలతో కాపురం చేసినందుకు ఎముకే పగ తీర్చుకుందని మా నాన్న అన్నాడు. మ్యూజియం పెద్దాయన మంచివాడు. పనిలేకపోతే సూర్యం పిచ్చెక్కిపోతాడని, సున్నపురాయికి వచ్చే లారీలో రెండు చెక్కపెట్టెలు జగ్గయ్యపేటకు పంపించాడు. ఇప్పుడైతే ఊరుకుంటారా? అప్పుడు అలాంటివి జరిగేవి.

నేను డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో కూర్చున్నాను. పెళ్ళా, పై చదువా అనేది మా నాన్న ఎటూ తేల్చని కాలం. ఎదురుగా కనిపిస్తే తేల్చాల్సి వస్తుందని కాబోలు, "పిన్నికి సాయంగా ఉండు పో" అని నన్ను జగ్గయ్యపేట బస్సెక్కించాడు. అలా నేను ఆ ముందుగదిలోకి వచ్చి పడ్డాను.

ఆ ఇల్లు తెల్లవారేది పిన్ని చీపురు చప్పుడుతో. పిన్ని చాలా పొట్టి మనిషి. అటక మీది వస్తువు తీయాలంటే పీట, దాని మీద ఇంకో పీట వేసుకునేది. అయినా అటక నుంచి దొడ్డి దాకా ఆమె చెయ్యి పడని చోటు లేదు. దుమ్ము ఆమెకు ఆగర్భశత్రువు. ఆ ఊళ్ళో లారీల వల్ల సున్నపురాయి దుమ్ము ఏ కిటికీని వదిలేది కాదు. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి బల్ల మీద పేరు రాయచ్చు. మిరపకాయల రోజుల్లో దానికి ఘాటు కూడా తోడై, వీధి వీధంతా వంతులేసుకుని తుమ్మేది. పిన్ని వంటింట్లో కుంపటి మీద చారు కాగుతుంటే ఇంగువ వాసన ముందుగదిలోకి వచ్చి, ఎముకల మట్టి వాసనతో కలిసేది. ఇప్పటికీ ఎక్కడైనా ఇంగువ తిరగమోత ఘుమాయిస్తే నాకు డైనోసార్లు గుర్తొస్తాయి. ఎవరికన్నా చెబితే నవ్వుతారు.

బాబాయికి తిండి విషయంలో ఒక వింత అలవాటు ఉండేది. బాగుందనీ అనేవాడు కాదు, బాగాలేదనీ అనేవాడు కాదు. బాగుంటే మారు వడ్డించుకునేవాడు. బాగాలేకపోతే మజ్జిగకు వెళ్ళిపోయేవాడు. అంతే. "పదిహేనేళ్ళ కాపురంలో ఒక్కసారన్నా కూర బాగుందని అనలేదే ఈ మనిషి. రాళ్ళతో మాట్లాడతాడు గాని నాతో మాట్లాడడు" అని పిన్ని నాతో వాపోయేది. ఆయన వినపడేట్టే అనేది. బాబాయి వినపడనట్టే ఉండేవాడు.

మంచం పక్కన నేల మీద గోతాలు పరిచి ఎముకలు పేర్చాం. బాబాయి మంచం మీద ఒక పక్కకు ఒరిగి, చెయ్యి చాచి ఒక్కొక్కటే అడిగేవాడు. నేను అందించాలి, కొలవాలి, ఆయన చెప్పింది రాయాలి. మొదటి రోజే నాకు పాఠం చెప్పాడు.

"ఏమే అమ్మాయ్, పెరట్లో రుబ్బురోలు చూసావుగా? ఈ పూస ముందువైపు చూడు, రోలు గుంటలా లేదూ? వెనకవైపు చూడు, పొత్రంలా ఉబ్బుగా ఉంది. దీని పొత్రం దీని వెనకదాని రోట్లో కూర్చుంటది. దాని పొత్రం ఆ వెనకదాని రోట్లో. అట్టా తోకంతా."

"మరి ఇవేంటి బాబాయ్, రెండు పక్కలా చదునుగా ఉన్నాయి?"

"అవేగా నా ప్రాణం తీస్తున్నాయి. అవి తిరగళ్ళు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అవే పేర్లు. రోళ్ళూ తిరగళ్ళూ. "తిరగలి పక్కకి జరపండి, తుడుచుకోవాలి" అని పిన్ని చీపురుతో నిలబడేది. అసలు చిక్కు ఏమిటంటే, ఇవి ఒకే జంతువు తోకా, రెండు జంతువుల తోకలా అన్నది. కొన్ని డైనోసార్లకు తోక మొదట్లో రోలు పూసలుండి, వెనక్కి పోయేకొద్దీ తిరగలి పూసలవుతాయి. అలాంటిదైతే ఇది ఒకే తోక, అందులో వింతేమీ లేదు. కాదు, రోలు తోక వేరు, తిరగలి తోక వేరు అంటే రెండు జంతువులు. అందులో తిరగలిది అప్పటిదాకా ఎవరికీ తెలియని జంతువు.

తేల్చాల్సింది చిన్న పూసలు. తోక చివరివి. అవి అరిగిపోయి, పైన సున్నపు పెచ్చు కట్టి ఉండేవి. రోలో తిరగలో కంటికి తెలిసేది కాదు. అయితే వాటి మీద అంకెలున్నాయి. ఎప్పుడో నర్మద ఒడ్డున వీటిని తవ్వినవాళ్ళు, ఒక గుంటలో దొరికినవాటికి ఎర్ర రంగుతో, ఇంకో గుంటలోవాటికి నల్ల రంగుతో అంకెలు వేశారు. ఆ తవ్వినవాళ్ళు పోయారు, వాళ్ళ కాగితాలు చెదలు తిన్నాయి, రంగులు మిగిలాయి. పెద్దవాటిలో రోళ్ళన్నీ ఎర్రవి, తిరగళ్ళన్నీ నల్లవి. చిన్నవాటిలో ఎర్రవీ ఉన్నాయి, నల్లవీ ఉన్నాయి. "చూసావా! రోలు తోక చివర రోలు తోకకి ఉంది, తిరగలి తోక చివర తిరగలి తోకకి ఉంది. ఒకే తోకకి రెండు చివరలుండవు కదే!" అని బాబాయి మంచం మీద చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. పెద్దాయనకు కబురు పెడితే, చిన్నవాటితో సహా అన్నిటికీ బొమ్మలు గీసి, రంగులు చూపించి పంపమన్నాడు. తేలితే ఆ కొత్త జంతువుకు పేరు సూర్యమే పెట్టచ్చని, దాని పక్కన సూర్యం పేరే ఉంటుందని కూడా అన్నాడు. జన్మంతా ఇతరుల పేర్లు చీటీల మీద రాసిన మనిషికి అది ఎంత మాటో నాకు అప్పుడు సగమే అర్థమైంది. పెద్దవాటి బొమ్మలు గీయడం దసరా లోపల అయింది. చిన్నవాటి సంగతి పండగ వెళ్ళాక చూద్దామనుకున్నాం.

పండగ ముందురోజు పిండికట్టు కోయించడానికి బాబాయిని బెజవాడ తీసుకెళ్ళాను. తిరిగి వస్తుంటే బాబాయి ముందుసీట్లో కాలు చాపుకుని కూర్చున్నాడు. "ఆ కాలు తీయండి గురువుగారూ, జనం ఎక్కాలి" అని కంచికచర్లలో కండక్టరు కసిరితే, "కొత్తగా వచ్చింది బాబూ, ఇంకా మాట వినట్లేదు" అన్నాడు. అంత హుషారుగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. కీసర వంతెన మీద మున్నేరు నిండుగా కనిపిస్తోంది. ఆ నీళ్ళకేసి చూస్తూ, "దానికేం పేరు పెడతానో తెలుసా? మీ పిన్నికి చెప్పనని ఒట్టేస్తే చెప్తా" అన్నాడు. ఒట్టేశాను. "మీ పిన్ని పేరే" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. "అంత పొడుగు జంతువుకా! పిన్ని నిన్ను బతకనిస్తదా బాబాయ్?"

"అచ్చులో పడ్డాకే చూపిస్తా. అప్పుడింక ఏం చేయలేదు" అన్నాడు. నందిగామలో బస్సు ఆగినప్పుడు మా నాన్న వచ్చి కిటికీలోంచి మిఠాయి పొట్లం అందించి వెళ్ళాడు. అందులో సగం బాబాయే తినేశాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాటారుతోంది. రిక్షా దిగుతూనే చూశాం. వీధి అరుగు మీద కడిగి ముగ్గేసి, ముగ్గు మీద ఎముకలన్నీ వరసగా ఆరబెట్టి ఉన్నాయి. తళతళలాడుతున్నాయి. ఒక్కొక్కదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పిన్ని గుమ్మంలో నిలబడి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ, మొహమంతా నవ్వు చేసుకుని ఎదురొచ్చింది.

"రేపు ఆయుధ పూజ కదండీ. రైతు నాగలి కడుక్కుంటాడు, లారీవాళ్ళు లారీ కడుక్కుంటారు. మీ ఆయుధాలు ఇవేగా. ఇత్తడి సామాను తోమినట్టే చింతపండూ ఇటుకపొడీ పెట్టి, కొబ్బరి పీచుతో పొద్దుటి నుంచీ తోముతున్నా. నడుం పడిపోయిందనుకోండి. ఎంత మడ్డి కట్టుందో! చింతపండు తగలంగానే చుయ్యిమని నురగొచ్చి, పెచ్చులు పెచ్చులుగా ఊడిందండీ."

బాబాయి కర్ర నాకిచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒక చిన్న పూస తీశాడు. తిప్పి చూశాడు. ఇంకోటి తీశాడు. ఎరుపు లేదు, నలుపు లేదు. ఎక్కడా అంకె అన్నది లేదు. పులుసు పెట్టి పీచుతో తోమితే ఇత్తడి బిందె మీద ఏళ్ళ నాటి మసే పోతుంది, పాత రంగు ఎంత? పిన్నికి చదువు రాదని కాదు. ఆ అంకెలు ఆమె చూసింది కూడా. గిడ్డంగిలో బస్తాల మీద వేసే గుర్తుల్లాంటివనుకుంది. సరుకు ఇంటికి చేరాక ఆ గుర్తులతో ఎవరికి పని?

"ఏంటండీ, మాట్లాడరు?" అంది పిన్ని. బాబాయి, "కాలు నొప్పిగా ఉంది" అని మాత్రం అన్నాడు. లోపలికి తీసుకెళ్ళాక నన్ను చూసి పిన్నికి ఏదో తప్పు జరిగిందని అర్థమైంది. నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి అడిగింది. చెప్పక తప్పలేదు. పిన్ని ఆ గచ్చు మీదే కూలబడిపోయింది. నాకు ఆమె మీద కోపం రావాల్సింది. రాలేదు. పసుపు పట్టిన ఆ చేతుల్ని పట్టుకుని పక్కనే కూర్చున్నాను.

ఆ పండగ ఎవరింట్లో చేశారో గాని మా ఇంట్లో చేయలేదు. పిన్ని ఏడుస్తూనే వండేది, ఏడుస్తూనే వడ్డించేది, తను తినేది కాదు. "ఆ మనిషి జన్మకో పని చేసుకుంటే నా చేత్తో నేనే కడిగిపారేసానే" అని ఒకటే మాట. బాబాయి ఆమెను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీలో కాలు చాపుకుని, ఆ చిన్న పూసల్ని ఒక్కొక్కటే తీసుకుని కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమేవాడు. రోజల్లా అదే పని. "నువ్వు చూసావుగా బాబాయ్, ఎర్రవీ నల్లవీ ఉన్నాయని, నేనూ చూశాగా. అదే రాద్దాం" అన్నాను. "చూసామంటే సరిపోదే. చూపించాలి" అన్నాడు.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర బాబాయి ఉన్నట్టుండి నవ్వాడు. "సీతారావమ్మా, నీ చింతపండు నన్ను కాపాడింది" అన్నాడు. పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పెచ్చు ఊడాక ఇప్పుడు తెలుస్తోంది. చిన్నవన్నీ తిరగళ్ళే. రంగులేసినవాడు ఎవడో పొరబడ్డాడు. నేను ఆ రంగులు నమ్ముకుని పరువు పోగొట్టుకుందును. ఒకటే జంతువు. ముందు రోళ్ళు, వెనక తిరగళ్ళు. నువ్వు తోమకపోతే లోకమంతా నన్ను చూసి నవ్వేది" అన్నాడు. పిన్ని నిజంగానా అని రెండు మూడుసార్లు అడిగింది. బాబాయి చారు కలుపుకుంటూ, "చారు బాగుంది" అన్నాడు. నిజానికి ఆ రోజు చారులో ఉప్పు లేదు. లేచి తెచ్చుకుందామనుకుని, పిన్ని మొహం చూసి ఊరుకున్నాను. గుండెల మీద బరువు దిగిన మనిషికి రుచి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. భోజనమయ్యాక నేనూ ఆ చిన్న పూసలు తీసి చూశాను. నాకూ అన్నీ తిరగళ్ళలాగే కనిపించాయి. ఆయన చెప్పాక కనిపించకుండా ఎలా ఉంటాయి?

మ్యూజియానికి మాత్రం "రెండని చూపించలేను" అని ఒక్క వాక్యం రాయించాడు. ఒకటే అని స్పష్టంగా రాద్దామంటే వద్దన్నాడు. గోదాములో పనిచేసేవాళ్ళు అంతకన్నా మాట్లాడరేమో అనుకున్నాను. పండగ సెలవులయ్యాక మా నాన్న నన్ను పై చదువుకు పంపడానికి ఒప్పుకున్నాడు. బాబాయి వచ్చి ఏదో చెప్పాడట. నేను వెళ్ళిపోయాను. పెట్టెలు మ్యూజియానికి వెళ్ళిపోయాయి. ఆ జంతువు పేరు బస్సులోనే ఉండిపోయింది.

ఆ తరవాత మా ఇళ్ళల్లో చింతపండు కథ ఒక వేడుకయింది. ఎవరొచ్చినా బాబాయే మొదలుపెట్టేవాడు, మా ఆవిడ చింతపండు నా పరువు కాపాడిందని. పిన్ని సిగ్గుపడుతూ, కొంచెం గర్వపడుతూ కూర్చునేది. బాబాయి పోయాక ఆ కథ పిన్నే చెప్పేది. నేనైతే ఉద్యోగమంతా ఏటా కొత్త పిల్లలకు ఆ కథే చెప్పాను. తను కనిపెట్టానన్నది తప్పని తెలిసిన క్షణాన నవ్వుతూ వదులుకున్నాడు చూడండి, శాస్త్రం చదివేవాళ్ళకి ఉండాల్సిన గుణం అది అని. నస్రీన్ విన్నదీ అదే.

అందుకే ఆ పిల్ల ఫోన్లో చెప్పలేకపోయింది. సొరుగు తెరిచి పెట్టి, కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టింది. ఇప్పుడు ఎముకను చేత్తో ముట్టుకోనక్కర్లేదట. మనకు ఆస్పత్రిలో తీసినట్టే వాటికీ స్కాన్ తీసి, తెరమీద గిర్రున తిప్పుతోంది. రోలు, పొత్రం అంటే ఆమెకు తెలియలేదు. "మా ఇంట్లో మిక్సీయే మేడం" అంది. నా అరచేతిని దొప్పలా పట్టి, అందులో ఆమె పిడికిలి ఆనించి చూపించాల్సి వచ్చింది. నేను చదువు చెప్పిన పిల్లకు తెలియని రోలు, నాకు తెలియని యంత్రం. మధ్యలో ఆ ఎముకలు మా ఇద్దరినీ పట్టించుకోకుండా పడుకుని ఉన్నాయి.

"రోలు పూసల లోపల తేనెపట్టులా గదులున్నాయి చూడండి. తిరగలి వాటిలో లేవు, గట్టిగా ఉన్నాయి. చిన్నవాటిలో కొన్ని అటు, కొన్ని ఇటు. రెండు జంతువులే మేడం. మీ బాబాయి గారు మొదట అన్నదే కరెక్టు." కింది సొరుగు కూడా లాగి, "ఇంకోటి. ఇవి మ్యూజియానికి వచ్చిన పెట్టెల ప్రకారమే రెండు సొరుగుల్లో ఉన్నాయండీ. ఎవరు సర్దారో గాని, స్కాన్ చెప్పినదానికీ ఆ సర్దినదానికీ ఒక్క పూసలోనే తేడా ఉంది" అంది. ఎవరో అందాజాగా సర్ది ఉంటారన్నాను. నా బుర్ర అక్కడ లేదు. జగ్గయ్యపేట వంటింటి గచ్చు మీద ఉంది. "రెండోదానికి ఇప్పుడు పేరు పెట్టాలి. ఆయన ఏమైనా అనుకున్నారా మేడం?" అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను. కనుక్కోవడానికి ఏముంది? కానీ చెబితే అది పిన్ని చెవిన పడకుండా ఉండదు, ఒట్టు ఒట్టే.

పిన్ని ఇప్పుడు నందిగామలో తన చెల్లెలి దగ్గర ఉంటోంది. ఎనభై దాటింది. ఇంకా పొట్టిదైంది. ఆ వయసులో ఆమెకు మిగిలిన ఒకే ఒక్క గొప్ప, తన చింతపండు మొగుణ్ణి కాపాడిందన్నది. నీ చింతపండే ఆయన్ని ముంచిందని ఏ నోటితో చెప్పను? చెప్పకూడదని బస్సు దిగేలోపే నిశ్చయించుకున్నాను. మర్నాడు భోజనం వేళకు వెళ్ళాను. చెల్లెలు గుడికి వెళ్ళింది. పిన్ని తనే వడ్డించింది.

"మ్యూజియం కెళ్ళావంటగా? ఏమంటదీ ఆ పిల్ల?"

"ఏముంది పిన్నీ, ఎముకలు చూపించింది. కొత్త మిషన్లు పెట్టి చూశారంట. బాబాయి చెప్పిందే తేలింది. ఒకటే జంతువు" అన్నాను. తలెత్తి ఆమెను చూడలేక చారు పోసుకుని కలుపుకున్నాను. ఒక ముద్ద తిన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. "చారు బాగుంది పిన్నీ" అన్నాను.

పిన్ని గరిటె గిన్నెలో పెట్టేసింది. నా మొహంలోకి చూసి, బోసినోటితో మెల్లగా నవ్వింది.

"ఈ ఇంట్లో చారులో ఉప్పేసి ఎన్నేళ్ళయిందో. అక్కాచెల్లెళ్ళిద్దరికీ బీపీ అని డాక్టరు మానిపించాడు. వచ్చినోళ్ళు పైన వేసుకుంటారు. నువ్వూ ఎప్పుడూ వేసుకునేదానివేగా?" అంది. "మీ బాబాయీ ఆ రోజు ఇదే మాటన్నాడే. ఏడుపులో పడి ఉప్పెయ్యడం మర్చిపోయా. మీరు తిన్నాక నేను నోట్లో పెట్టుకుంటే చప్పిడి నీళ్ళు. ఎన్నడూ బాగుందని అనని మనిషి, ఆ చారు బాగుందన్నాడు. అప్పుడే అనుకున్నా, ఈయన అబద్ధమాడుతున్నాడని."

"అదొక్కటేనా పిన్నీ? ఆయన రుచి చూసుకోలేదేమో."

"నువ్వెళ్ళిపోయాక పెట్టెలు సర్దింది నేను కదే. ఆయన కుర్చీలో కూచుని ఒక్కొక్క చిన్నది తీసి, బొటనవేలుతో తడిమి, ఇది ఈ పెట్టె, ఇది ఆ పెట్టె అని చెప్పాడు. ఒక్కదాని దగ్గర మటుకు చాలాసేపు ఆగాడు. ఒకటే తోకయితే అంత ఏరి ఏరి రెండు పెట్టెల్లో పెట్టించడమెందుకే, అమ్మాయ్?"

"మరి అడగలేదా?"

"ఎట్టా అడుగుతా? నేను బాధపడతానని, బంగారంలాంటి పని వదులుకుని, ఎవరొచ్చినా నవ్వుతా ఆ కథ చెప్పేవాడు. నేను నమ్మకపోతే ఆయన పడ్డదంతా ఏం గాను? అందుకే నమ్మినదాన్లా కూచున్నా. ఆయన పోయాక నేనే చెప్పా. ఎవరో ఒకరు చెప్పాలిగా."

ఏటా నిండు క్లాసులో నిలబడి నేను చెప్పినదాంట్లో నిజం ఎంత? మ్యూజియానికి ఆయన అబద్ధం రాయలేదు. చూపించలేనిది ఉందని అనలేదు, అంతే. ఇంట్లో మాత్రం కడుపునిండా అబద్ధమాడాడు. శాస్త్రం గురించి చెబుతున్నాననుకుని ఇన్నాళ్ళూ పిల్లలకు నేను చెప్పింది ఒక కాపురం కథ. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పిన్ని బల్ల చివర ఉన్న ఉప్పు డబ్బా నా ముందుకు తోసింది. "వేసుకో. వేసుకుని ఇప్పుడు నిజం చెప్పు" అంది.

చెప్పాను. రెండూ వేరు వేరు జంతువులని చెప్పాను. ఆయన బొటనవేలు తప్పింది ఒక్క పూస దగ్గరేనని చెప్పాను. కీసర వంతెన మీద ఆయన చెప్పిన పేరు కూడా చెప్పాను. ఇన్నేళ్ళ ఒట్టు ఉప్పు సాక్షిగా గట్టునపెట్టాను.

"నా పేరా!" అంది పిన్ని. "అంత పొడుగుదానికా?" చేత్తో తన ఎత్తు తానే చూపించుకుంది. తరవాత తన కంచంలో చారు పోసుకుని, ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కుని, చిటికెడు తీసి వేసుకుంది.

"పిన్నీ, బీపీ..." అన్నాను.

"ఇవాళొక్కరోజుకి ఏం కాదులే" అని కలిపి, ఒక ముద్ద తిని, "బాగుంది" అంది.